రెండు వైపులా ఒకే రంగు

నేను ఇంతకు ముందు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. బడికి పోవలసిన వయసులో నా ఒళ్లో పలక ఉండేది కాదు, చాట ఉండేది. చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. జనగామ పక్కన మా అమ్మగారి ఊళ్లో, మా వాడలో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. నానిన ఆకు మీద కొలతకు రేకు ముక్క పెట్టి, దాని చుట్టూ కత్తెర తిప్పాలి. ఏడేళ్లకే నాకు ఆ పని వచ్చింది. మా అమ్మ నా చేయి చూసి మురిసిపోయేది. "దీనికి కత్తెర ఇస్తే సాలు, కండ్లు మూసుకొని కోస్తది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అంత మురిసిపోకపోయి ఉంటే నన్ను బడికి పంపేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

పెళ్లయ్యాక గూడూరు వైపు అడవి అంచున ఉన్న పల్లెకు వచ్చాను. మిరప తోటలకు పోయాను, పత్తి ఏరాను. మా ఊళ్లో అంగన్‌వాడీ పెట్టినప్పుడు వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి ఆయా కావాలన్నారు. ఆయాకు ఐదో తరగతి చదువు ఉండాలన్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన నా కాగితంలో ఐదు చదివిందని రాయించాడు. "ఎవరన్న అడిగితే అవుననవే, ఇంకేం మాట్లాడకు" అన్నాడు. నేను పేరు గీయడం ఒక్కటి నేర్చుకున్నాను. అది కోడిపిల్ల బొమ్మ గీయడం లాంటిదే. అందులో ఏ గీత ఏ శబ్దమో నాకు తెలియదు.

మిగతా కాగితాల కోసం నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఎవరైనా ఏదైనా చదవమంటే "కండ్లు కనబడుతలేవు బిడ్డా, జర నువ్వే సదువు" అనేదాన్ని. వయసులో ఉన్నప్పుడు "అద్దాలు ఇంటికాడ మర్చిపోయిన" అనేదాన్ని. నాకు అద్దాలు ఎప్పుడూ లేవు. కండ్లు మాత్రం ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించేంత బాగున్నాయి. పాత టీచర్‌కు ఈ సంగతి తెలుసు. ఆమె మా ఊరి మనిషే కాబట్టి చూసీ చూడనట్టు నేను రాయాల్సిన వంట లెక్కలు కూడా తానే రాసేది. ఆమె రిటైరయ్యి కొత్త టీచర్ వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది.

కొత్త టీచర్ మహబూబాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. పుట్టిల్లు జనగామ అని చెప్పింది. మా వైపు పిల్లే అని సంతోషించాలి. నేను మాత్రం, మా ఊరివాళ్లు ఎవరైనా తెలిసి ఉంటారేమో, నేను బడి ముఖం చూడలేదని చెప్పేస్తారేమో అనుకున్నాను. "అమ్మగారి ఊరేది ఆయమ్మా?" అని అడిగితే "దూరం" అన్నాను.

వచ్చిన వారానికే ఆమె ఒక సంచి నిండా ఫోమ్ షీట్లు తెచ్చింది. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం. ముట్టుకుంటే మెత్తగా, హవాయి చెప్పుల అడుగులా ఉన్నాయి. అవి కాగితం కాదు, గుడ్డ కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే రబ్బరు వాసన. ఒక పిల్లవాడు పసుపు షీటు అంచు కొరికి చూశాడు.

"టీచర్, గిది తినేదేనా?"

"కాదు నాన్నా, దీంతోని చేపలు చేద్దం."

"చేపలు తింటరు కదా?" అన్నాడు వాడు.

పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇలాంటివి ఎవరైనా ఇస్తారా? రేపు ఎవరికైనా కడుపు నొస్తే మాట పడేది వంట చేసిన ఆయా కదా? ఆ రోజు ముక్కలన్నీ ఏరి, లెక్కపెట్టి, కవరులో మూట కట్టాను.

కానీ చేపలు బాగా వచ్చాయి. టీచర్ అట్ట మీద చేప బొమ్మ కోసి ఇచ్చింది. దాన్ని షీటు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి కోయాలి. పిల్లల చేతుల్లో మొండి మొన కత్తెరలు గీత మీద నిలిచేవి కావు. చేప తోక పోయేది, నోరు పోయేది. నేను ఒక షీటు తీసుకుని గీయకుండానే, అట్టను ఎడమ బొటనవేలితో నొక్కి పట్టి కత్తెర తిప్పాను. ఆకు కోసినట్టే తెగింది. ఇంకా సులువు, ఫోమ్ చినగదు. చూస్తుండగానే పది చేపలు పడ్డాయి.

"అబ్బ ఆయమ్మా, నీ చేతుల మిషనున్నది!" అంది టీచర్.

పిల్లలు చేపలకు గమ్ముతో పొలుసులు అతికించారు. ఒకమ్మాయి రెండు కళ్లూ ఒకే వైపు పెట్టి, "అటుదిక్కు సూడది, నేనంటే కోపం" అంది. తర్వాత ప్రతి వారం ఏదో ఒకటి చేశాం. పులి మొహాలు, టమాటలు, తలకు కిరీటాలు. కోయడం నాది, అతికించడం పిల్లలది. ఆ పనంటే నాకు ఇష్టమైంది. టీచర్ మీద మాత్రం నమ్మకం కుదరలేదు.

అందుకు కారణం ఆమె దగ్గరున్న పుస్తకం. పచ్చ అట్ట, పొడుగు పుస్తకం. రిజిస్టర్లు వేరే ఉండేవి. ఇది ఆమె సొంతం. పిల్లలు పని చేస్తుంటే గోడకు ఆనుకుని కూర్చుని రాసేది. పిల్లల వైపు చూసి రాస్తే నాకేం బాధ లేదు. నా వైపు చూసి కూడా రాసేది. నేను తలెత్తితే నవ్వేది.

ఒకరోజు ఆమె వదిన స్కూటీ మీద వచ్చింది. ఆమెకు మహబూబాబాద్‌లో గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ దుకాణం ఉందట. షీట్లు అక్కడివే. కొత్త కట్ట ఇచ్చి వెళ్లిపోవచ్చు కదా? పోలేదు. వంటగదిలోకి వచ్చి పొయ్యి చూసింది, గిన్నెలు చూసింది.

"పాలు యాడ పెడ్తరు పెద్దమ్మా?" అని అడిగింది.

"నీకెందుకు బిడ్డా?" అన్నాను.

"ఊకెనే అడిగిన."

ఊరికే ఎవరు అడుగుతారు? ఆ సాయంత్రం నా బిడ్డకు ఫోన్ చేశాను. అల్లుడు భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు, వాళ్లు అక్కడే ఉంటారు. నా బిడ్డకు అనుమానం నాకంటే ఎక్కువ.

"అయిపాయె. వదినను నీ జాగల పెడ్తది సూడు. గందుకే అన్ని సూసి పోయింది" అంది.

"దుకాణముండంగ గీ పనికెందుకు వస్తదే?"

"సర్కారు పని అమ్మా. ఎవలొద్దంటరు? మరి ఆ పచ్చ బుక్కుల ఏం రాస్తున్నదో సూసినవా?"

"సూత్తే నాకేం తెలుస్తది?"

"గదే మరి. నిన్ను తీసెయ్యాల్నని రాసి నీ ముంగటనే పెట్టినా నువ్వు దుమ్ము తుడిసి పక్కకు పెడ్తవ్."

ఆ మాట నన్ను పట్టుకుంది. అది నిజమే. రోజూ ఆ పుస్తకం మీద దుమ్ము తుడిచేది నేనే.

వానలు మొదలయ్యాక టీచర్ కొత్త పని పెట్టింది. పిల్లలకు పేరు పలకలు చేయాలి. ఒక్కో పిల్లకు ఒక్కో రంగు పట్టీ, దాని మీద ఫోమ్‌తో కోసిన పేరు. గోడకు అఆలు కూడా వరసగా అతికించాలి. ఆమె కాగితం మీద పెద్ద అక్షరాలు గీసి ఇచ్చేది. నేను ఆ కాగితాన్ని షీటు మీద గుండుసూదులతో గుచ్చి కోసేదాన్ని. చేపకంటే అక్షరం కష్టం. వంపులెక్కువ. లోపల సున్నాలున్న చోట కత్తెర మొన దించి చిన్న ముక్క ఊడబెరకాలి.

అక్షరం తీసేశాక షీటులో అదే ఆకారంలో ఖాళీ మిగిలేది. టీచర్ వాటిని చెత్తలో వేయమంది. నేను వేయలేదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. లోపలి సున్నా ముక్కలు వేరే కవరులో దాచాను. మధ్యాహ్నం ఇంటికి పోయాక షీటును పాత క్యాలెండర్ వెనక పరిచి, ఖాళీలో పెన్సిల్ పెట్టి తిప్పేదాన్ని. రేకు చుట్టూ కత్తెర తిప్పిన చేయి, ఖాళీలో పెన్సిల్ తిప్పలేదా? నెల తిరక్కుండానే షీటు లేకుండా గీయగలిగాను. ఏది 'అ', ఏది 'ఆ' అనేది, నేను కోసిన వరసను పిల్లలు రోజూ గొంతెత్తి చదివే వరసతో పోల్చి తెలుసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నేను చదువు కోసం నేర్చుకోలేదు, ఆ పచ్చ పుస్తకం కోసం నేర్చుకున్నాను.

అయితే ఒక చిక్కు వచ్చింది. నాకు వచ్చిన అక్షరాల్లో సగం బయట ఎక్కడా కనిపించలేదు. బస్సు మీద లేవు, పాల ప్యాకెట్ మీద లేవు. వాటిలాంటివి ఉన్నాయి గానీ అవి కావు. టీచర్ కావాలనే నాకు తప్పు అక్షరాలు గీసి ఇస్తోందని అనుకున్నాను. నేను చాటుగా నేర్చుకుంటున్నట్టు పసిగట్టి దారి మళ్లిస్తోందని. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తుంది. అప్పుడు రెండు వారాలు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

అదే రోజుల్లో గోడకు అక్షరాలు అతికించాం. నేను స్టూలెక్కి నాలుగు అక్షరాలు అతికించి దిగాను. టీచర్ గోడ వైపు చూసింది. నా కళ్లలోకి చూసింది. పోయి కూర్చుని పచ్చ పుస్తకం తెరిచింది.

సంగతి బయటపెట్టింది చేపకు ఒకే వైపు కళ్లు పెట్టిన అమ్మాయి. అన్నం తింటూ గోడ చూసి, "ఆయమ్మా, గది ఉల్టా ఉన్నది" అంది.

"ఏది?"

"గదే, ఎర్రది. దాని మొకం అటుండాలె. ఇటు పెట్టినవు."

ఆ ఎర్ర అక్షరాన్ని పీకి, తిరగేసి పెట్టాను. పాల ప్యాకెట్ మీదున్న అక్షరం అయింది. ఫోమ్ షీటుకు రెండు వైపులా ఒకే రంగు. కాగితానికైతే గీత ఉన్న వైపు, లేని వైపు తెలుస్తుంది. దీనికి ముందూ వెనకా లేదు. చదువు వచ్చినవాళ్లకు అక్షరం చూడగానే ఏది ముందో తెలుస్తుంది, నాకు తెలియలేదు. ఇంటి దగ్గర కూడా ఖాళీల షీట్లలో సగం తిరగేసి పరిచే నేర్చుకున్నాను. పోయిన రెండు వారాల కోపమంతా ఉత్తిదే. ఆ సాయంత్రం షీట్లన్నిటికీ ముందు వైపు పెన్నుతో చుక్క పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. గోడ మీద మిగతా మూడూ ఉల్టానే అని తెలిసినా, నేర్చుకుంటున్నట్టు బయటపడుతుందని నేను ముట్టుకోలేదు, నన్ను నొప్పించడం ఇష్టం లేకేమో టీచరూ ముట్టుకోలేదు.

ఆ తర్వాత టీచర్ తీరు మారింది. నేను కుక్కర్ దించబోతే "నువ్వు కూసో ఆయమ్మా, నేను దించుత" అనేది. వేడి నూనె దగ్గరికి రానిచ్చేది కాదు. గుడ్లు తానే లెక్కపెట్టి పెట్టేది. ఒకరోజు మెల్లగా అడిగింది.

"కండ్ల దవాఖానకు ఎప్పుడన్న పోయినవా?"

"నాకేమైంది దవాఖానకు?"

"మరి కనబడుతలేవంటవు గదా?"

"వయసు బిడ్డా. ఎవలకైన గంతే" అని తప్పించుకున్నాను.

నా బిడ్డకు ఇదంతా చెబితే, "పొయ్యి పని నేర్చుకుంటున్నది. రేపు వదినకు సూపియ్యాలె గదా" అంది. నాకూ అలాగే తోచింది. పనిలోంచి తీసేముందు పని తగ్గిస్తారని విన్నాను.

చలి మొదలయ్యేసరికి పేరు పలకలు నాకు పుస్తకంలా అయ్యాయి. పొద్దున్నే ఒక్కో పిల్ల వచ్చి తన పలక కొక్కానికి తగిలించేది. ఎవరి పేరు ఏదో నాకు తెలుసు కాబట్టి, పేరును బట్టి అక్షరాలకు గుణింతం పట్టుకున్నాను. గుడి ఉన్న పేర్లు, కొమ్ము ఉన్న పేర్లు. వత్తులు నాకు ఒకే ఒక పిల్ల పేరుతో వచ్చాయి. ఆ పిల్ల రెండు రోజులు జ్వరంతో రాకపోతే నా చదువు అక్కడే ఆగింది.

తల్లులను పిలిచి పిల్లలు చేసినవి చూపించే రోజు దగ్గరపడింది. సూపర్‌వైజర్ మేడం కూడా వస్తుందన్నారు. ముందు రోజు మధ్యాహ్నం టీచర్ ఫోన్లో మాట్లాడుతూ, "ఆయమ్మ సంగతే మేడం. రేపు మీరొచ్చినంక చెప్త" అనడం విన్నాను. నన్ను చూసి బయటికి పోయి మాట్లాడింది. మూడు గంటల బస్సు అందుకోవాలని హడావుడిగా వెళ్లిపోయింది. పచ్చ పుస్తకం ఫోమ్ షీట్ల కట్ట కింద మర్చిపోయింది.

గిన్నెలు తోమాను. ఊడ్చాను. తలుపు దగ్గరగా వేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. దొంగతనం చేసినా ఇంత భయం ఉండదేమో అనుకున్నాను.

ముందు పేజీల్లో పిల్లల పేర్లు. అవి పలకల మీదివే కాబట్టి దొరికాయి. చేపల గురించి, పులుల గురించి. 'కత్తెర పట్టడం వచ్చింది' అని ఒక పిల్ల గురించి. ఒక్కో మాట కూడబలుక్కుంటూ పోయాను. సాయంత్రం అవుతోంది. 'ఆయమ్మ' అన్న మాట కనిపించాక అక్కడ వేలు పెట్టి ఆగాను.

'ఆయమ్మ చాలా బాగా కోస్తుంది. నాకంటే బాగా.'

నాలుగు పేజీల తర్వాత, గోడకు అక్షరాలు అతికించిన రోజు.

'ఆయమ్మకు చూపు పోతున్నది. అక్షరాలు తిరగేసి అతికించింది. దగ్గరనుంచి చూసి కూడా గుర్తుపట్టలేదు. అడిగితే కండ్లు కనబడవని తనే అంటుంది. పొయ్యి దగ్గర పిల్లలుంటారు. ప్రమాదం.'

చివరి పేజీలో, 'రేపు మేడంకు చెప్పాలి. ఈమెను వంట పని నుంచి తప్పిస్తారేమో. అయినా చెప్పక తప్పదు.'

మూడుసార్లు చదివాను. మొదటిసారి తప్పు చదివానేమో అనుకున్నాను. వదిన మాటెక్కడా లేదు. నన్ను తీసేసే మాట ఉంది, నా బిడ్డ చెప్పినట్టే. కానీ ఆ మాట అక్కడికి వచ్చింది నా నోట్లోంచే. ఇన్నేళ్లు అందరికీ చెప్పిన అబద్ధాన్ని ఒక మనిషి నమ్మింది, నమ్మి నాకు బదులు కుక్కర్ దించింది.

ఇంటికి వచ్చి ఫోన్లో అంతా చెప్పాను. విన్నాక నా బిడ్డకు ఒక దారి దొరికింది.

"కండ్లు కనబడుతలేవనే చెప్పమ్మా. ఆపరేషన్ చేయించుకుంటనను. నెలదినాలు మా దగ్గరికొచ్చి ఉండు. పోయి, మంచిగైనయని చెప్పు. ఎవలికి తెలుస్తది?"

"మళ్లొక అబద్ధమా?"

"సదువు రాదంటే మాత్రం ఊకుంటరా? కాయితంల ఐదు సదివినవని ఉన్నది గదా? ఎవలు రాసిన్రు, ఎందుకు రాసిన్రని అడుగుతరు. పని పోతది."

అది చెప్పిందీ నిజమే. కళ్లు లేవంటే పని పోతుంది, చదువు లేదంటే పని పోతుంది. పోతే ఏం చేస్తాను? మళ్లీ పత్తి ఏరడానికి నా నడుము వంగదు. పిల్లలు లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అన్నం తిన్నాక కూడా ఆ వదిన పాలు ఎక్కడ పెడతారని ఎందుకు అడిగిందో అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు.

తెల్లవారి అందరికంటే ముందే పోయి తాళం తీశాను. గోడ దగ్గర స్టూలు వేసుకుని, ఇంకా తిరగబడి ఉన్న మూడు అక్షరాలను పీకి సరిగా అతికించాను. తర్వాత పచ్చ పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాను. పెన్ను దొరకలేదు. పిల్లల ఎర్ర స్కెచ్ పెన్నుతో టీచర్ రాసినదాని కింద రాశాను. ఒక్కో అక్షరం నా బొటనవేలంత వచ్చింది. గీత మీద నిలవలేదు.

'నా కండ్లు మంచిగ ఉన్నయి. నాకు సదువు రాదు. ఐదు సదవలేదు. ఇప్పుడు నేర్సుకుంటున్న. నీ బుక్కు నేను సదివిన.'

అంత రాసేసరికి బస్సు వచ్చే వేళయింది. పుస్తకాన్ని టీచర్ కుర్చీలో తెరిచి పెట్టి, గాలికి పేజీ తిరగకుండా దాని మీద నా కత్తెర ఉంచాను. తర్వాత వంటగదిలోకి పోయి పొయ్యి వెలిగించి, పిల్లల గుడ్లకు నీళ్లు పెట్టాను.